లెక్కకు రాని నడక

ఒకానొక కోటలో రాజవైద్యుడు పురందరాచార్యులు పల్లకీ దిగకుండానే ఒక చాటింపు వేయించాడు. ఆరోగ్యం కోసం అందరూ రోజుకు రెండు క్రోసులు నడవాలట. తక్కువ నడిస్తే జీతపు గింజల్లో సగం కోత, ఎక్కువ నడిస్తే ఒంటికి వాతం.

ఆయన ఇంటికి ఏటి నుంచి నీళ్లు మోసే కోనమ్మకు, సాయంత్రం మళ్లీ కోట చుట్టూ తిరిగే ఓపిక లేదు. సగం గింజలతో ఇంట్లో నలుగురికి గంజైనా రాదు.

"పొద్దుట్నుంచి నడుస్తూనే ఉన్నాను కదయ్యా!"

"పనిలో నడిచింది నడక కాదే. లెక్కలోకి రాదు," అన్నాడాయన బొజ్జ నిమురుకుంటూ.

మర్నాడు కోనమ్మ వంటింటికీ గొడ్ల చావడికీ నీళ్లు పోసి, గడప మీద చతికిలబడింది. లోపల ఆచార్యులు తలంటుకు కూర్చున్నాడు. నెత్తి నిండా కుంకుడు నురగతో, కళ్లు మూసుకుని చెంబు ముంచితే కాగు ఖాళీ.

"ఒసే కోనా! నీళ్లేవే? కళ్లు మండిపోతున్నాయి!"

"ఏటికి నడిచినా నడవనట్టేనని తమరే సెలవిచ్చారు. నడవకుండా నీళ్లెలా వస్తాయయ్యా?"

"నడకేనే తల్లీ! అడుగడుగూ లెక్కే!" ఆయన అరుపు వీధి చివరిదాకా వినబడింది.

కోనమ్మ తీరిగ్గా లేచి ఆయన చేతికి ఖాళీ బిందె అందించింది.

"అయితే నా రెండు క్రోసులూ ఇందాకే అయిపోయాయి. ఇంకో అడుగు వేస్తే నాకు వాతం. తమరికింకా ఒక్క అడుగూ పడలేదు. ఏరు అటుంది, దయచేయండి."