ఎంగిలి కట్ట

అనగనగా ఒక ఊళ్ళో... ఊహూఁ, ఇవాళ్టి కథకి ఒక్క ఊరు చాలదు. అనగనగా ఒక దేశం. దాని పేరు మూడేరుల దేశం. ఆ దేశంలో ఏటి మధ్యన గువ్వలంక అని ఒక లంక ఊరు. కాళ్ళు ముడుచుకుని పడుకో పండూ, దుప్పటి లాగకు, చెబుతున్నాగా.

ఆ గువ్వలంకలో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. బీర పాదులూ సొర పాదులూ పెట్టుకుని, ఆ కాయలు పడవలో అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి అమ్ముకునేది. నోరు పెద్దది, మనసు మెత్తన. పక్కింట్లో బంగారక్క. ఇద్దరూ ఒకే ఏడు కాపరానికొచ్చారు. బంగారక్కకి లేకలేక ఒక కొడుకు పుడితే, వాడు ఉయ్యాల్లో ఉండగా వరదొచ్చి ఉయ్యాలతో సహా పట్టుకుపోయింది. అప్పట్నుంచీ ఏటి చప్పుడు కాస్త మారిందంటే చాలు, ఆవిడకి ముద్ద దిగేది కాదు. కంచం ముందు అలాగే కూర్చుండిపోయేది.

లంక చుట్టూ కట్ట ఉంటే ఆ భయం ఉండదు. కట్ట వెయ్యండి బాబూ అని అడిగీ అడిగీ ఊళ్ళోవాళ్ళ నోళ్ళు పడిపోయాయి. ఎవడికి పట్టింది? అప్పుడు ఎన్నికలొచ్చాయి. అప్పుడు బంగారక్క అంది, "వరాలూ, నీకు నోరుంది, నువ్వే నిలబడవే. నువ్వు కట్ట తెస్తే నా పిల్లాణ్ణి తెచ్చినట్టే నాకు."

ఆ మాట వరహాలమ్మ గుండెలో దిగబడిపోయింది. చేట గుర్తు మీద నిలబడింది. చుట్టుపక్కల లంకలన్నీ ఓట్లు గుద్దేశాయి. గెలిచింది.

ఆ దేశంలో పెద్ద పార్టీలు మూడు. తిరగలి పార్టీ, చెంబు పార్టీ, దువ్వెన పార్టీ. నవ్వకు, అవి వాళ్ళ గుర్తులు. ఏ ఒక్కరికీ సరిపడా సీట్లు రాలేదు. దాంతో నిన్నటిదాకా ఒకళ్ళనొకళ్ళు దుమ్మెత్తిపోసుకున్న తిరగలివాళ్ళూ చెంబువాళ్ళూ భుజాల మీద చేతులు వేసుకుని వచ్చారు. అయినా ఒక్క మనిషి తక్కువైంది. ఆ ఒక్క మనిషి కోసం వెతుక్కుంటూ వెళ్తే వరహాలమ్మ కనిపించింది.

అప్పుడు చూడాలి ఆ సంబడం! కార్లన్నీ పంటు పడవ మీద ఏరు దాటి వచ్చాయి. తిరగలి పార్టీ నాయకుడు విరూపాక్షంగారు, పెద్దమంత్రి కావాలని ఉవ్విళ్ళూరుతున్న పెద్దమనిషి, ఆవిడ వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. కట్ట తప్ప ఇంకేమీ వద్దంది వరహాలమ్మ. ఆయన ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఆవిడ సభలో చెయ్యెత్తింది. ఆయన పెద్దమంత్రి అయ్యాడు.

ఇక్కడ నీకొక సంగతి చెప్పాలి. ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. ఒక మంత్రి మొదలెట్టిన పని ఇంకో మంత్రి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఎంగిలి తిన్నట్టేనట. కొత్త మంత్రి వస్తే కొత్త చోటు చూసుకుని, కొబ్బరికాయ కొట్టి, తన పేరున రాయి పాతించి, మొదటి తట్ట దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టాలి. ఎందుకలా అంటే ఎవరూ చెప్పలేరు. తాతల నాడు అలా చేశారు, వీళ్ళూ అలాగే చేస్తున్నారు.

సరే, మొదట తిరగలి పార్టీ మంత్రి వచ్చాడు. రాయి పాతాడు. మట్టి పని మొదలైంది. కట్ట మోకాటి ఎత్తు లేచిందో లేదో, మంచి శాఖలన్నీ తిరగలివాళ్ళే నొక్కేశారని చెంబువాళ్ళు అలిగి కూర్చున్నారు. వాళ్ళ అలక తీర్చడానికి శాఖలు మార్చారు. కట్టల శాఖ చెంబువాళ్ళకి పోయింది.

ఆ తర్వాత చెంబు పార్టీ మంత్రి వచ్చాడు. మోకాటి ఎత్తు కట్టని కాలి గోటితోనైనా తాకకుండా, దాని వెనకాల ఇంకో రాయి పాతాడు. ఆ కట్ట నడుం ఎత్తు లేచేసరికి ఆ రెండు పార్టీలకీ చెడింది. పెద్దమంత్రిగారు ఏమాత్రం సిగ్గుపడకుండా చెంబుని వదిలేసి దువ్వెనని పట్టుకున్నారు. మళ్ళీ ప్రమాణాలు, మళ్ళీ దండలు. వరహాలమ్మ మళ్ళీ చెయ్యెత్తింది. ఎత్తకపోతే ఈ కట్టా ఉండదని భయం మరి.

ఆ తర్వాత దువ్వెన పార్టీ మంత్రి వచ్చాడు. మూడో రాయి పాతాడు. ఆయన ఎలాంటివాడో గానీ పని మాత్రం చేయించాడు. కట్ట మనిషెత్తు దాటింది. లంక చుట్టూ తిరిగొచ్చి, పడవల రేవు దగ్గర ఒక్క గండి మిగిలింది. అదొక్కటీ పూడిస్తే అయిపోయినట్టే. బంగారక్క రోజూ సాయంత్రం వెళ్ళి ఆ కట్ట మీద కూర్చుని ఏటి వంక చూసి వచ్చేది. ఆవిడ ఆ ఎండాకాలమంతా కడుపునిండా తింది పండూ.

అంతలో దువ్వెనవాళ్ళల్లో వాళ్ళకే తగువొచ్చి, ఆ మంత్రి పదవి ఊడింది. ఇంకొకణ్ణి ఆ కుర్చీలో వేస్తారనగానే వరహాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా పెద్దమంత్రి గదిలోకి వెళ్ళింది. ఈసారి ఆ శాఖ నాకివ్వండి, లేదంటే నేను చెయ్యెత్తను అని తెగేసి చెప్పింది. చేసేది లేక ఆయన ఇచ్చేశాడు. కూరగాయలమ్మే వరహాలమ్మ మంత్రి అయిపోయింది.

దారిపొడుగునా ఆవిడకి ఒకటే ఆలోచన. ఎంగిలీ లేదు, గింగిలీ లేదు. ఆ గండి పూడ్చేస్తాను, తొలకరి లోపల అయిపోతుంది అనుకుంది. పడవ దిగింది.

రేవులో ఊరు ఊరంతా నిలబడి ఉంది. డప్పులు కొట్టారు. హారతులిచ్చారు. పోగేసుకున్న డబ్బులతో రాయి కూడా చెక్కించారు. వరహాలమ్మ తన మనసులో మాట చెప్పింది. అందరి మొహాలూ వాడిపోయాయి. అప్పుడు బంగారక్క ముందుకొచ్చింది. చేతిలో బంతిపూల దండ. "మన లంకలో పుట్టిన మంత్రివి నువ్వు. ఒకడి ఎంగిలి కట్ట నీకెందుకే వరాలూ? నీ పేరున ఒక కట్ట ఉండాలి. నా కళ్ళతో చూసుకోవాలి నేను."

పగతో అంటే కాదనొచ్చు. ప్రేమతో అంటే ఏం చేస్తుంది? వరహాలమ్మకి తెలుసు, తప్పని తెలుసు. అయినా ఆ దండ మెళ్ళో పడేసరికి సరేనంది. కొబ్బరికాయ కొట్టింది. నాలుగో రాయి పాతారు. మట్టి దగ్గర్లో ఎక్కడుంది అంటే, మనిషెత్తు లేచిన పాత కట్టలోనే ఉంది. ఆ కట్ట తవ్వి ఈ కట్ట మీద పోశారు. కట్టకి ఎంగిలి ఉందిట గానీ మట్టికి లేదట! చూశావా వాళ్ళ తెలివి?

కొత్త కట్ట సగమైనా లేవలేదు, వానలు పట్టుకున్నాయి. సరిగ్గా అప్పుడే రాజధానిలో ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టారు. అంటే, ఈ పెద్దమంత్రి ఉండాలా వద్దా అని సభలో చేతులు లెక్కపెట్టడమన్నమాట. వరహాలమ్మని పిలిపించారు. ఆవిడ వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే కబురొచ్చింది, ఏరు పొంగుతోందని. ఆవిడ లేచి బయల్దేరబోయింది. పెద్దమంత్రి అడ్డం నిలబడ్డాడు. నువ్వు వెళ్తే ప్రభుత్వం పడిపోతుంది, పడిపోతే నీ శాఖ పోతుంది, కొత్తవాడొచ్చి అయిదో రాయి పాతుతాడు, నీ ఇష్టం అన్నాడు.

ఆ మాటా నిజమే. వరహాలమ్మ కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మధ్యాహ్నం లెక్కపెట్టారు. ఉండాలని ఆవిడ చెయ్యెత్తింది. ప్రభుత్వం నిలబడింది. అందరూ బల్లలు చరిచారు.

ఆ చెయ్యి ఇక్కడ పైకి లేచిన వేళకే అక్కడ కట్ట జారింది. పాతది తవ్వేశారు, కొత్తది నానిపోయింది. ఆడా మగా తట్టలు పట్టుకుని మట్టి పోస్తూనే ఉన్నారట. ఇక లాభం లేదని మిగతావాళ్ళు పడవలెక్కారు. బంగారక్క ఎక్కలేదు. రమ్మని చెయ్యి పట్టుకుని లాగితే, ఇది మా వరాలు కట్ట, దీన్నెలా వదిలేసి రానూ అందట. తట్టతో మట్టి పోస్తూనే పోయింది.

వరహాలమ్మ వచ్చేసరికి ఊరు లేదు. పాదుల్లేవు, ఇళ్ళు లేవు. నాలుగు రాళ్ళు మాత్రం నీళ్ళల్లోంచి తలలెత్తి నిలబడున్నాయి. నాలుగో రాయిని పట్టుకుని ఆవిడ ఎంత ఏడ్చిందో నేను చెప్పలేను. నా వల్ల కాదు.

ఆ తర్వాత ఏమైందంటావా? కట్ట తెగింది గనక మంత్రిని మార్చాలన్నారు. ప్రభుత్వానికి చెయ్యెత్తిన మనిషి శాఖనే ఊడబెరికారు. మళ్ళీ చెంబువాళ్ళు వచ్చి కలిశారు. మళ్ళీ ప్రమాణాలు, మళ్ళీ దండలు. కొత్త మంత్రి, లోకనాథం అని కుర్రాడు, నీళ్ళు తీశాక లంకకి వచ్చాడు. కొబ్బరికాయ తెచ్చాడు, రాయి తెచ్చాడు.

వరహాలమ్మ ఆ బురదలో అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. కొంగు చాపింది. "నాయనా, నా కట్ట మొదలు ఇంకా మిగిలుంది. అక్కణ్ణుంచి ఎత్తు. నా ఎంగిలి తిను బాబూ, నీకు పుణ్యముంటుంది."

అతను మంచివాడే. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆవిణ్ణి భుజాలు పట్టుకుని లేపాడు. పెద్దవారు మీరు నా కాళ్ళ దగ్గర కూర్చోకూడదమ్మా అన్నాడు. కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత, చెప్పులకి ఆవిడ కట్ట మట్టి అంటకుండా జాగ్రత్తగా పక్కనుంచి నడిచి, కొంచెం అవతలికి వెళ్ళి, కొబ్బరికాయ కొట్టాడు.

పడుకో పండూ. ఇంకేం లేదు, అంతే కథ.

కట్టేమో ఏటికి,
మంత్రేమో కోటకి,
రాళ్ళేమో కొంగలకి,
కథేమో కంచికి,
ఇల్లున్నవాళ్ళం గనక మనం ఇంటికి.