మడుగులో మద్దిచెట్టు

“దాలమ్మా! ఒసే దాలమ్మా! ఆ వల అక్కడే దించు. ఒడ్డుకి రా!”

కేక వేసింది ఊరిపెద్ద గౌరునాయుడు. కొండల్లోంచి దిగి వచ్చే ఆ చిన్న ఏటిని అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. గెడ్డకి అవతలి ఒడ్డున ఊరు, ఇవతలి ఒడ్డున మా ఆశ్రమం, మధ్యలో మడుగు. దాలమ్మ మోకాలి లోతు నీళ్ళలో వల పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి పొలం లేదు. ఆ వలే ఆమె పొలం.

“ఈ వానల్లో ఒక్క కొర్రమీను పిల్లైనా కనబడదేటి? దోమతెర పెట్టి ఊడ్చీసినావు!”

“నాకాడ దోమతెరే ఉంటే మా ఇంటిల్లిపాదినీ ఇన్ని దోమలు ఎందుకు పీక్కుతింటాయి నాయుడుబాబూ? పిల్లలు ఉండాలంటే వాటికి చోటుండాలి కదా. ఆ సాముల్ని అడగండి. చెట్టు లాగీసింది ఆళ్ళు!”

“పుణ్యానికి మడుగు బాగుచేస్తే సాముల మీదకే తోస్తావా? ఆదివారం పొద్దున్న ఊరందరి ముందూ తేలుస్తాం. ఆ తరవాత నీ వల ఈ నీళ్ళు చూస్తే ఒట్టు.”

నా పక్కన నిలబడ్డ తోటి శిష్యుడు చిదంబరం ముఖం అప్పుడు ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. దారి తెలిసిన ఊళ్ళోనే దారి తప్పినవాడిలా ఉన్నాడు.

మా గురువుగారు విరూపాక్షయ్యగారికి ఒక అలవాటు. పొద్దున్నే ఒడ్డున బండ మీద కూర్చుని, నీళ్ళకేసి చెయ్యి చాపి, “మనసు తేట నీరులా ఉండాలి నాయనా, అడుగు కనబడాలి” అనేవారు. నిజం చెప్పాలంటే మా మడుగులో అడుగు కనబడేది కాదు. ఏనాటి గాలివానకో కూలిన మద్దిచెట్టు ఒకటి నీళ్ళకి అడ్డంగా పడి ఉండేది. దాని కొమ్మల్లో కుళ్ళిన ఆకులు, చుట్టూ తుంగ, నాచు. గురువుగారు ఆ మాట అన్నప్పుడల్లా చిదంబరం ఆ చెట్టుకేసి దిగులుగా చూసేవాడు. తొలకరి పడ్డ వారానికి, ఎవరూ చెప్పకుండానే, రెండు జతల ఎడ్లు తెచ్చి చెట్టుని బయటికి లాగించాడు. తుంగ కోయించాడు. నీళ్ళలోని రాళ్ళన్నీ ఏరి స్నానానికి మెట్లు కట్టించాడు. గురువుగారు బండ మీద నుంచి అంతా చూస్తూనే ఉన్నారు. సాయంత్రానికి బురద తేరుకుంది. మబ్బులు, కొండ, ఎగిరే కొంగలు అన్నీ మా పాదాల దగ్గరికే వచ్చాయి. నేను ఆ రాత్రి భోజనం కూడా మరిచిపోయాను.

దాలమ్మని కేకలేసిన రోజు సాయంత్రం చిదంబరం గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యగారూ, శుభ్రం చెయ్యడం మంచిపనే కదండీ. మంచి మనసుతో చేసిన మంచిపనిలోంచి చెడు ఎలా పుడుతుంది?”

గురువుగారు లేచారు. ఉత్తరీయం భుజాన వేసుకుని, గెడ్డ దాటి, నేరుగా దాలమ్మ గుడిసెకి వెళ్ళారు. మేం వెనకాలే వెళ్ళాం. ఆమె లేచి నిలబడకుండానే చూసింది.

“అమ్మా, చేపపిల్ల ఎక్కడ ఉంటుంది?”

“మిట్టమధ్యాహ్నం నడివీధిలో పడుకోమంటే మీరు పడుకుంటారా సామీ?”

“పడుకోను.”

“అదీ అంతే.”

మర్నాటి నుంచి మడుగులో ఆమె మాటే చెల్లింది. ఒడ్డున ఎండుతున్న మద్దిమానుని దుంగల మీద దొర్లించాం. మేం కట్టిన మెట్లని మేమే విప్పి రాళ్ళు నీళ్ళలోకి దింపాం. చిదంబరం అరచేతులు బొబ్బలెక్కాయి.

“సిన్నసామీ, అది చెట్టు, పెళ్ళికూతురు కాదు. గట్టిగా పట్టు!” అని దాలమ్మ అంటే గురువుగారే ముందు నవ్వారు.

మానుని పాత చోటుకే చేర్చి, వరదకి కొట్టుకుపోకుండా బండరాయికి తాడుతో కట్టాం. అప్పుడు ఆమె మోకుముడి బిగిస్తూ, మాకు కాక నీళ్ళకే చెబుతున్నట్టు చెప్పింది.

“తల్లీ తండ్రీ రెండూ కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా ముద్దకట్టి దీని కిందే తిరుగుతాయి. నీడ పోతే చెదిరిపోతాయి. చెదిరినాయా, ఇంక లకుముకి పిట్టలకి ఒక్క పూట మేత.”

చిదంబరం చేతిలోంచి తాడు జారింది. నేను తీసి ఇచ్చాను. వాడు అందుకోలేదు.

శనివారం సాయంత్రానికి పని అయిపోయింది. మడుగు మళ్ళీ మసకబారింది. ఆకాశం లేదు, కొంగలు లేవు. చేపపిల్లలూ లేవు. నాకు ఏది చూసి సంతోషించాలో తెలియలేదు.

“ఎప్పుడొస్తాయి?” అని అడిగాడు చిదంబరం.

“వొస్తే వొచ్చే ఏడాది వానలకి. నాకు సెప్పి వొస్తాయేటి?” అని దాలమ్మ వల భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ వల మూడు రోజులుగా తడవలేదు.

చిదంబరం గురువుగారి వైపు తిరిగాడు. “నా మనసులో చెడు లేదు కదండీ. చెట్టు కూడా పెట్టేశాం. అయినా నాకు ఇలా ఎందుకుంది? మీరు ఆ రోజు జవాబు చెప్పలేదు.”

గురువుగారు తడిసిన పంచె అంచు పిండుకుంటూ, “చేపలు వచ్చేది వచ్చే ఏడాదికి. ఊరు కూర్చునేది రేపు” అన్నారు. అంతే. మాకేం అర్థం కాలేదు. కనీసం నాకు కాలేదు.

ఆదివారం పొద్దున్న ఊరంతా ఒడ్డునే కూర్చుంది. దాలమ్మ వలని ఒళ్ళో పెట్టుకుని ఒక మూల కూర్చుంది. గౌరునాయుడు ఆమెని లేవమన్నాడు. ఆమె లేచేలోగా చిదంబరం లేచాడు.  దగ్గి, మొదలుపెట్టాడు.

“దాలమ్మ తప్పేం లేదు. ఎడ్లకి మోకు కట్టిన రోజు నేను నీళ్ళలోకి వంగి చూశాను. చెట్టు కింద ఎర్రగా, మందారం విచ్చినట్టు పిల్లల గుంపు తిరుగుతోంది. పక్కనే పెద్ద చేప కదలకుండా నిలబడి నాకేసే చూస్తోంది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. అనుకుని కూడా, ఎడ్లని తోలమన్నాను. ఈమెని దొంగ అంటూంటే విని కూడా ఊరుకున్నాను.”

 దాలమ్మ వాడికేసి చూడలేదు, ఒళ్ళో వలనే చూసుకుంటోంది. గౌరునాయుడు ఏదో అనబోయి మా గురువుగారి వైపు చూశాడు.

విరూపాక్షయ్యగారు అప్పటికే లేచి నిలబడ్డారు.

“నువ్వు కూర్చో నాయనా. బండ మీద నుంచి నాకూ కనబడ్డాయి.”