మిరియం బొంత

సముద్రంలో ఉప్పు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, పిల్లులు మనుషులతో నోరారా మాట్లాడే కాలంలో, కృష్ణమ్మ కడలిలో కలిసేచోట ఒక రేవు పట్నం ఉండేది.

ఆ పట్నంలో బయ్యన్న సెట్టి అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. ఆయన భార్య వీరమ. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ముత్యాలు. ముత్యాలుకు ఒక పిల్లి ఉండేది. నల్లగా, చిన్నగా, ఘాటుగా ఉండేది కనుక దానికి మిరియం అని పేరు పెట్టారు.

మిరియం వట్టి వాగుడుకాయ. పొద్దున లేస్తూనే "పాలేవీ?" అనేది. వాన పడితే "ఎవరు పోస్తున్నారీ నీళ్ళు?" అని కసిరేది. రాత్రి ముత్యాలు కప్పుకునే పాత చీరల బొంతలో ముడుచుకుని పడుకుంటే గానీ దాని నోరు మూతపడేది కాదు.

ఒకనాడు సముద్రానికి ఆవల ఉన్న లవంగ ద్వీపం రాజుగారు కబురు పంపారు. "సెట్టీ, నీ అద్దకం చీరలు మా వాళ్ళకు తెగ నచ్చాయి. ఇక్కడికే వచ్చి ఉండిపో. ఇల్లు నేనిస్తాను."

సెట్టి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సంసారమంతా ఓడెక్కింది. ఓడలో మిరియానికి ఏ దిగులూ లేదు. బొంత ఉంది, ముత్యాలు ఉంది, ఎలుకలు బోలెడున్నాయి. ఓడ నడిపే తండేలు ఎర్రయ్యకే అది సలహాలిచ్చేది.

రాజుగారిచ్చిన ఇల్లు చాలా పెద్దది. నేల అద్దంలా మెరిసేది. వీరమకు పట్టింపులెక్కువ. కొత్త ఇంట్లోకి పాత చీపురూ, పాత గుడ్డా రాకూడదంది. బొంతను ఓడలోనే వదిలేయించింది. గదులన్నీ పసుపునీళ్ళతో కడిగించింది. మూలమూలలా సాంబ్రాణి పొగ వేసింది. పాలు పొంగించింది. అంతటితో ఆగిందా? మిరియాన్ని కూడా పట్టుకుని సున్నిపిండితో రుద్ది తలంటి పోసింది!

మిరియం ఒళ్ళు దులుపుకుని బియ్యం జాడీల వెనక్కి దూరింది. దూరింది దూరినట్టే ఉండిపోయింది. పాలు ముట్టదు. చేప ముట్టదు. అన్నిటికన్నా వింత, నోరు విప్పదు.

ఎర్రయ్య ఈ సంగతి విని వచ్చాడు. "సెట్టిగోరూ, గాలి తిరగ్గానే మా ఓడ ఎల్లిపోద్దండి. దీన్ని నాతో అంపేయండి. ఓడలో హాయిగా బతుకుద్ది" అన్నాడు.

సెట్టి తల పంకించాడు. "అప్పటికీ తిండి తినకపోతే అలాగే పంపుదాం. పెంచుకున్న ప్రాణి మన కళ్ళముందు మాడి చస్తుంటే చూస్తామా?"

ముత్యాలు గుండె గుభేలుమంది. మిరియం లేకుండా ఈ పరాయి దేశంలో తను ఎలా ఉంటుంది?

మొదట సెట్టి పూనుకున్నాడు. పిల్లిని చంకనేసుకుని ఇల్లంతా తిప్పాడు. "ఇది పడమటిల్లు, ఇది నడవ, ఈ దూలం చూడు ఎంత లావో!" అని చూపించాడు. మిరియం ఆయన ముక్కు మీద గోళ్ళతో నాలుగు గీతలు గీసి మళ్ళీ జాడీల వెనక్కి పోయింది.

తరువాత రాజుగారు వెండి పళ్ళెంలో వేయించిన చేపలు పంపారు. తోడుగా సన్నాయి మేళం కూడా పంపారు. సన్నాయి మొదలవగానే మిరియం ఇంకా లోపలి జాడీ వెనక్కి జరిగింది.

మూడోసారి వీరమకు ఒక ఆలోచన వచ్చింది. వీధిలోని పిల్లులన్నిటినీ పేరంటానికి పిలిచింది! అవి వచ్చాయి, కూర్చున్నాయి, పళ్ళెం నాకేశాయి, వీరమ పెట్టిన బొట్టు చెరుపుకుని చక్కా పోయాయి. మిరియం మాత్రం అటక ఎక్కి కూర్చుంది.

ఇంతలో గాలి తిరిగింది. రేవులో శంఖం మోగింది. మిరియం అటక దిగి మళ్ళీ జాడీల చాటుకు చేరింది. ముత్యాలు కూడా ఏడుస్తూ వెళ్ళి దాని పక్కనే ముడుచుకుంది. కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. పసుపు వాసన, సాంబ్రాణి వాసన. తమ ఇంటి వాసన ఎక్కడా లేదు. చివరికి మిరియం ఒంటికి కూడా లేదు.

"అయ్యో, అమ్మా!" అంటూ ముత్యాలు లేచింది. "మనం ఇంటిని కళ్ళతో గుర్తుపడతాం. మిరియం ముక్కుతో గుర్తుపడుతుంది. దానికి తెలిసిన వాసనలన్నీ మనమే కడిగేశాం. నా బొంత తెచ్చుకుంటాను!"

"కొత్త ఇంట్లోకి పాత గుడ్డా? అరిష్టమే!" అంది వీరమ.

"మరి నువ్వు అమ్మమ్మ కుంకుమ భరిణె తెచ్చుకున్నావుగా? అది పాతది కాదా?"

వీరమ భరిణె వంక చూసింది. ఈ దేశం వచ్చాక ఆమె రోజూ దాన్ని తలగడ కిందే పెట్టుకుంటోంది. ఆమె కళ్ళు చెమర్చాయి. మరుక్షణం కొంగు బిగించి, కూతురికన్నా ముందు తనే రేవుకు పరుగు తీసింది.

బొంత ఎర్రయ్య తల కింద ఉంది. వీరమ దాన్ని ఒక్క లాగు లాగింది. పాపం, తండేలు తల ఠంగుమంది!

ముత్యాలు చిన్న గది ఒకటి చూసి, మూలన బొంత పరిచి, మిరియాన్ని అందులో వదిలి తలుపు వేసింది. "ఎవరూ పిలవకండి, ఎవరూ పట్టుకోకండి" అంది. తను మాత్రం అటు తిరిగి కూర్చుని పెరుగన్నం తింటూ కూనిరాగం తీసింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తరువాత ఒక ముక్కు బొంతను తాకింది. తరువాత రెండు పాదాలు బొంతను పిసికాయి. తరువాత ముత్యాలు గిన్నెలోకి ఒక నల్ల తల దూరింది.

"ఇది మన ఇల్లేనా?" అంది మిరియం, మూతికి పెరుగుతో. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

ముత్యాలు నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఎర్రయ్య పిల్లి కోసం వచ్చేసరికి అది గడప మీద కూర్చుని ఉంది. "తండేలూ, వెళ్ళిరా. ఎలుకల్ని అడిగానని చెప్పు" అంది.

ఈ సంగతంతా విని రాజుగారు స్వయంగా వచ్చారు. బొంతను చేత్తో తడిమి చూశారు. "మా ఇంటికి పొరుగు దీవి నుంచి కోడలు వచ్చింది. వచ్చిన నాటి నుంచీ నవ్వలేదు. ఆమె తెచ్చుకున్న చాప పాతదని మేమే తీయించేసి, పట్టుపరుపు వేశాం" అన్నారు.

"మరి ఇంకా ఇక్కడే నిలబడ్డారేం?" అంది మిరియం. "వెళ్ళి ఆ చాప వెతికించండి!"

రాజుగారు కిరీటం చేత పట్టుకుని పరుగెత్తారు. ఆ సాయంత్రమే కోటలోంచి ఒక కొత్త నవ్వు వినిపించింది.

కనుక పిల్లలూ, కొత్త చోటికి వచ్చిన ప్రాణికి ముందుగా కావలసింది వెండి పళ్ళెం కాదు, తనకు తెలిసిన పాత వస్తువు ఒకటీ, మన ఓపిక కాస్తా.