నాలుగు గోడల బడి

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి పేరు గుమ్మడిపేట. ఊరికి ఒక బడి, బడికి నాలుగు గోడలు. గోడలు నాలుగని గుర్తుపెట్టుకోవే చిట్టీ, చివర్లో అడుగుతాను.

ఆ బడికి ఒక్కరే మాస్టారు. ఆయన పేరు అవతారం. మంచాయనే. పిల్లలంటే ప్రాణం. కాకపోతే మార్కులంటే ఇంకో పిసరు ఎక్కువ ప్రాణం. ఏటా ఐదో తరగతిలో ఎవరికి మొదటి మార్కు వస్తే వాళ్ళ పేరు తూర్పు గోడ మీద జాజుతో ఎర్రగా రాసేవారు. అప్పుడు ఆ పిల్లో పిల్లాడో బడిగంట కొట్టాలి. గంటంటే ఏమనుకున్నావు, వేపకొమ్మకి వేలాడగట్టిన రైలుపట్టా ముక్క. అది ఠంగుమంటే ఊరంతా చెవులు రిక్కించేది. అలా ఇరవై నాలుగేళ్ళలో ఇరవై నాలుగు పేర్లు గోడెక్కాయి. ఆ ఊళ్ళో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా ముందు గోడ మీద పేరుందా అని అడిగేవారంటే చూసుకో మరి.

ఆ బడిలో నూకాలు అని ఒక పిల్ల ఐదో తరగతి చదివేది. ఇంత బుగ్గలు, అంత కళ్ళు. మార్కుల్లో మాత్రం ఆ పిల్ల పేరు కోసం చూడాలంటే చీటీ కిందనుంచి చదువుకుంటూ రావాలి. అలాగని తెలివితక్కువదా? అబ్బే!

ఒకరోజు మాస్టారు నదుల పాఠం చెప్పారు. అప్పుడు నూకాలు బడి వెనకాల బంకమట్టితో కొండలు కట్టి, చెంబుడు నీళ్ళు పోసి గోదారిని పారించింది. ఆ గోదారి సముద్రంలోకి పోకుండా వెనక గడప దగ్గర విడిచిన మాస్టారి చెప్పుల్లోకి పోయింది. "పో, తూర్పు గోడ వైపు తిరిగి నిలబడు!" అన్నారాయన.

ఆ తర్వాత ఇంకోరోజు ఎక్కాలు అప్పజెప్పమన్నారు. అప్పుడు నూకాలు పన్నెండో ఎక్కాన్ని దంపుళ్ళ పాట వరసలో అందుకుంది. పిల్లలంతా రోకళ్ళు వేసినట్టు బల్లల మీద దరువేశారు. ఆ రోజూ గోడే.

ఆ తర్వాత మరోరోజు ఆవు మీద వ్యాసం రాయమన్నారు. ఈ పిల్లేమో ఆవే కూర్చుని మాస్టారి మీద వ్యాసం రాసినట్టు రాసింది. "మాస్టారు సాధుజంతువు. ఆయనకు రెండు కాళ్ళు, ఒక బెత్తం ఉండును. గడ్డి పెట్టిననూ తినడు." మాస్టారికి నవ్వొచ్చింది కానీ మీసాల్లోనే దాచేసుకున్నారు. మూడోసారీ గోడే.

గోడకి ముక్కు ఆనించి నిలబడితే ఏం కనిపిస్తుంది? పేర్లు కనిపిస్తాయి. అలా చూసిచూసి నూకాలు ఆ పేర్లన్నిటికీ ఒక పాట కట్టింది. తొక్కుడుబిళ్ళ ఆడుతూ, గడికో పేరు చొప్పున గెంతుతూ పాడేది.

"అప్పలసూరి అటకెక్కాడు,
దాలినాయుడు దూలమెక్కాడు,
గౌరమ్మేమో గట్టెక్కింది,
పారమ్మొచ్చి బండెక్కింది!"

ఇలా ఇరవై నాలుగు పేర్లూ ఏదో ఒకటి ఎక్కేవి. పాట కట్టిన నూకాలు పేరు మాత్రం అందులో లేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. నూకాలు తల్లి పైడమ్మ ఒక మాట అనేసింది. "సూడమ్మా, ఈ ఏడు నీ పేరు గోడెక్కితే పట్నం హైస్కూలుకి పంపుతాను. ఎక్కనేదా, పెద్దమ్మోళ్ళూరెల్లి మేకలు కాసుకుందువుగాని." పైడమ్మ చెడ్డది కాదు చిట్టీ. గోడ మీద పేరు లేనిదానికి చదువు రాదని ఊరంతా అనుకునేది, ఆవిడా అనుకుంది. పరీక్షలయ్యాయి. మొదటి మార్కు నూకాలు తరగతిలోనే చదివే సుదర్శనానికి వచ్చింది. అప్పుడు పైడమ్మ తుమ్మకొమ్మ కొట్టుకొచ్చి, చెక్కు తీసి, మేకల కర్ర చేసి గుమ్మంలో పెట్టింది. దాన్ని చూసి నూకాలుకి ఆ పూట అన్నం సయించలేదు.

అది బడికి ఇరవై అయిదో ఏడు. పండగ చెయ్యాలన్నారు మాస్టారు. గోడ మీద పేరున్న వాళ్ళందరికీ ఎవరిళ్ళ నుంచి వాళ్ళకి ఉత్తరాలు వెళ్ళాయి. "వచ్చి మీ పేరు మీరు చూసుకోండి" అని రాశారు. పది గంటలకి పండగ. పండగవగానే మధ్యాహ్నం బస్సుకి నూకాలు ప్రయాణం.

పండగకి ముందురోజు ఆదివారం. బడికి సున్నం వెయ్యమని పొరుగూరి నుంచి వచ్చి సున్నాలు వేసే సన్నాసప్పడికి చెప్పారు. తూర్పు గోడ వదిలెయ్యమని చెప్పడం మాత్రం అందరూ మర్చిపోయారు. మాస్టారు చెప్పారనుకుని పెద్దలు, పెద్దలు చెప్పారనుకుని మాస్టారు. సన్నాసప్పడికా అక్షరం రాదు. ఒకటో తరగతిలో నెల తిరక్కుండానే బడి మానేసిన మనిషి. "పాపం, గోడకి జాజు మరకలయిపోనాయి" అనుకుని ఆ గోడకి రెండు పూతలు ఎక్కువేసి మరీ తెల్లగా మెరిపించాడు.

పొద్దున్నే మాస్టారు వచ్చి చూశారు. చూసి, అక్కడే అరుగు మీద కూలబడ్డారు.

ముందు పాత రిజిస్టర్లు తీయించారు. అవి కిందటేడు తుఫానుకి నాని ముద్దయిపోయి ఉన్నాయి. ఆ తర్వాత కళ్ళు మూసుకుని తనే గుర్తుచేసుకున్నారు. తొమ్మిది పేర్ల దగ్గర ఆగిపోయారు. ఆ తర్వాత సుదర్శనాన్ని పిలిచి అడిగారు. వాడు పుస్తకంలో ఉన్నదేదైనా గడగడా చెబుతాడు. గోడ మీదది ఎప్పుడు చూశాడు పాపం? వాణ్ణెవరూ గోడవైపు నిలబెట్టలేదుగా!

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్సు దిగి వచ్చేవాళ్ళకి ఏమని చెప్పడం? సన్నాసప్పడైతే సున్నం బాల్చీ పట్టుకుని తల పైకెత్తలేదు.

అప్పుడు నూకాలు మెల్లగా ముందుకొచ్చింది. "మాస్టారండీ, నాకొచ్చండి" అంది.

"ఏమొచ్చే నీకు?"

"గోడండి."

ఆ తర్వాత ఆ పిల్ల నేల మీద గడులు గీసింది. పరికిణీ ఎగదోపింది. గెంతుతూ పాడింది. అప్పలసూరి అటకెక్కాడు, మాస్టారు రాశారు. దాలినాయుడు దూలమెక్కాడు, మాస్టారు రాశారు. ఆ పిల్ల గెంతడం, ఆయన కుంచె ముంచడం. ఒక్క పేరు తప్పలేదు, ఒక్క పేరు ముందువెనకలు కాలేదు. పది గంటలయ్యేసరికి ఇరవై నాలుగు పేర్లూ మళ్ళీ గోడ మీద ఎర్రగా కూర్చున్నాయి.

వచ్చినవాళ్ళు ఎవరి పేరు వాళ్ళు తడుముకుని మురిసిపోయారు. అప్పుడు మాస్టారు ఇరవై అయిదో పేరు రాశారు. సుదర్శనం. వాడు కష్టపడి చదివాడు, అది వాడి పేరే. అందరూ చప్పట్లు కొట్టారు. నూకాలూ కొట్టింది. వెనకాల కర్ర పట్టుకు నిలబడ్డ పైడమ్మ మాత్రం, "ఇంక రాయే, బస్సొచ్చేస్తాది" అని కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఉండు పైడమ్మా" అన్నారు మాస్టారు. జనం వైపు తిరిగారు. "పొద్దున్న ఈ గోడ పోతే నా పాతికేళ్ళూ పోయాయనుకున్నాను. నేను దండించిన పిల్ల పాటే నా పరువు నిలబెట్టింది. గోదారి పారించిన పిల్లని, ఎక్కానికి వరస కట్టిన పిల్లని ముక్కు గోడకి పెట్టి నిలబెట్టాను. బడికి నాలుగు గోడలుంటే ఇన్నేళ్ళూ ఒక్కదాని మీదే రాశాను. తప్పు నాది."

చిట్టీ, ఇప్పుడు చెప్పు, మిగిలిన గోడలెన్ని? మూడు. భేష్!

అప్పుడు మాస్టారు పడమటి గోడ దగ్గరికి నడిచారు. అందరికీ కనబడేలా పైన రాయాలని చెయ్యెత్తారు. కుంచె అందలేదు. బల్ల వేసుకున్నా అందలేదు. అటూ ఇటూ చూశారు.

పైడమ్మ గబగబా వచ్చింది. "ఇదిగో బాబూ, ఈ కర్రకి కట్టండి" అంది. మేకల కోసం చేసిన కర్ర. దాన్ని ఇస్తుంటే ఆవిడ కళ్ళు వెలిగిపోయాయి.

మాస్టారు కర్ర చివర కుంచె కట్టి, జాజులో ముంచి, ఇంతేసి అక్షరాలతో రాశారు. "నూకాలు. పాట కట్టింది."

అక్కడితో ఆపలేదు. కుంటి చెల్లెల్ని రోజూ బడికి మోసుకొచ్చే కోటయ్య పేరు రాశారు. వానకి కారే బడికప్పుకి తాటాకు చాప అల్లిన రాములమ్మ పేరు రాశారు. ఆ తర్వాత "సన్నాసప్పడు. గోడలు మెరిపించాడు" అని కూడా రాశారు. సన్నాసప్పడు నూకాలు పక్కకొచ్చి, "ఇందులో నానెక్కడున్నానే పాపా?" అని అడిగాడు. ఆ పిల్ల అతని వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదా నడిపించింది. జాజు వేలికంటుకుంటే రెండు రోజులు కడుక్కోలేదట మహానుభావుడు.

ఆ తర్వాత సుదర్శనం రైలుపట్టా మీద ఠంగున ఒక్కటి కొట్టి, ఇనపకడ్డీ నూకాలు చేతికిచ్చాడు. ఆ పిల్ల ఒక్కటి కొట్టి ఊరుకుంటుందా? మొత్తం పాటంతా దరువేసింది. పొలాల్లో ఉన్నవాళ్ళు కొడవళ్ళు ఆపి విన్నారు. "ఆ కొట్టేది నా కూతురు!" అని పైడమ్మ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. వచ్చి, నూకాలు లేకుండానే వెళ్ళిపోయింది.

ఆ కర్ర ఇంక మేకల దగ్గరికి పోలేదు. బడి మూలన నిలబడింది. నూకాలు హైస్కూలుకి వెళ్ళాక కూడా, మాస్టారు ఏటా మిగిలిన మూడు గోడల మీదా పేర్లు రాసింది ఆ కర్రతోనే.

నూకాలేమో గోడెక్కింది,
పైడమ్మ సంబరం మిన్నెక్కింది,
కథేమో కంచి బండెక్కింది,
మా చిట్టితల్లి మంచమెక్కింది,
నిద్దరమ్మ వచ్చి రెప్పెక్కింది!