బండ కట్టకముందు

పేరయ్య మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. చొక్కా వేసుకుంటారు. ఎనభై దాటినా ఆ అలవాటు పోలేదు. చొక్కా వేసుకుని, చేతికర్ర అందుకుని, "పదమ్మా, అట్లా వెళ్ళొద్దాం" అంటారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకి లెక్కలు ఎంత వచ్చాయో గానీ, చెప్పులు మాత్రం బాగా అరిగాయి.

ఆ రోజు అడిగింది హైమవతి. ఒకప్పుడు ఆయన బడి నుంచి జిల్లాకి మొదటి ర్యాంకు తెచ్చిన పిల్ల. ఇప్పుడు పేరుమోసిన కాలేజీలో ఎవరిని చేర్చుకోవాలో తేల్చే సంఘానికి పెద్ద. నలభై సీట్లకి నాలుగు వేల దరఖాస్తులు వస్తాయి. ముప్పై తొమ్మిది నిండాయి. చివరి సీటుకి రెండు ఫైళ్ళు మిగిలాయి. ఒక అబ్బాయికి ప్రవేశ పరీక్షలో తొంభై ఎనిమిది. రిజ్వానా అనే అమ్మాయికి తొంభై ఒకటి. సాయంత్రంలోగా ఒక పేరు రాయాలి. అమ్మాయి రాసిన తీరు హైమవతికి నచ్చింది, కాదనలేదు. కానీ దరఖాస్తులో "మీరు ఎదుర్కొన్న ఇబ్బందులు" అన్న గడిలో ఆ పిల్ల ఒక్క ముక్క కూడా రాయలేదు.

"మార్కులకి ఎంత విలువ ఇవ్వాలి మాస్టారూ?" అంది హైమవతి. "నేను మార్కులతోనే పైకొచ్చినదాన్ని. వాటిని కాదనడానికి నాకు నోరు రాదు."

మాస్టారు చొక్కా వేసుకున్నారు.

పక్క ఊళ్ళో అమ్మవారి కొలుపు. ఊరిబయట ఎడ్లకి బండలాగుడు పోటీ. అన్ని జతలకీ ఒకటే బండ, ఒకటే బరి, ఇరవై నిమిషాల గడువు. ఎన్ని అడుగులు లాగితే అంత. కారు దిగి జనంలోకి నడుస్తుంటే, కాడి దించిన ఒక బండి పక్కన హైమవతికి తుమ్ముల మీద తుమ్ములు వచ్చాయి. మిరపకాయల ఘాటు. ముక్కు తుడుచుకుని ముందుకు పోయింది.

అప్పుడు బరిలో ఉన్న జత ఏనుగు గున్నల్లా ఉంది. ముందురోజే లారీలో దిగి, ఉలవలు తిని, ఒళ్ళు తోమించుకుని వచ్చిన ఎడ్లు. అవి లాగిన దూరానికి జనం ఈలలు వేశారు. ఆ తర్వాత అంకమ్మ జత వచ్చింది. అంకమ్మకి యాభై ఏళ్ళుంటాయి. కొంగు నడుముకి బిగించి పగ్గాలు తనే పట్టింది. మాస్టారు కర్రతో ఆ ఎడ్ల మెడలు చూపించారు. ఇంకా బండ కట్టనే లేదు, అప్పటికే మెడలు తడిసి ఉన్నాయి. ఎండ కదా అనుకుంది హైమవతి.

ఆ జత మొరాయించలేదు, తొందరపడలేదు. తలలు వంచి, కాళ్ళు తన్నిపెట్టి, ఒక్క తీరుగా లాగింది. విజిల్ పడ్డాక టేపు పట్టి చూస్తే లారీ ఎడ్ల కంటే పన్నెండు అడుగులు తక్కువ. రెండో బహుమతి.

శాలువా కప్పుతూ ఊరిపెద్ద అడిగాడు, "లారీ ఎక్కడ పెట్టావు అంకమ్మా?"

"లారీ ఎక్కడిది అబ్బాయా? తెల్లారగట్ల బండి కట్టుకుని, మార్కెట్ యార్డులో మిరపకాయలు దించి, అటునించి అటే వచ్చినాం."

"పది మైళ్ళు! ముందే చెప్పుంటే రేపు లాగించేవాళ్ళం కదా!"

"రేపటికి బండేమన్నా మెత్తబడుద్దా? అయినా చెప్పటానికేముంది, బండి లాగటం ఎడ్ల పనేగా."

జనం గొల్లున నవ్వారు. హైమవతికి నవ్వు రాలేదు. తుమ్ములు ఎందుకొచ్చాయో, మెడలు ఎందుకు తడిశాయో ఇప్పటికి తెలిసింది. ఆగలేక ముందుకు వెళ్ళి, "అయితే ఈ పోటీయే అన్యాయం కదమ్మా. ఆ బండనే తీసెయ్యాలి" అంది.

అంకమ్మ ఆమెని కిందా మీదా చూసింది. "బండ తీసేస్తే మా ఎడ్ల సంగతి నీకెట్టా తెలిసేదమ్మా? పన్నెండడుగులు తక్కువ లాగినయ్. నిజమే. అందుకని తలకాయలేమన్నా దించుకున్నయ్యేమో చూడు."

దించుకోలేదు. అంత అలసటలోనూ రెండూ కొమ్ములెత్తుకుని నిలబడ్డాయి. వాటి పక్కన అంకమ్మ కూడా అలాగే నిలబడింది.

హైమవతికి ఆ ఖాళీ గడి కళ్ళముందు మెదిలింది. కారు దగ్గరికి వచ్చి ఫైలు తీసి, రిజ్వానా చదివిన బడి హెడ్మాస్టరుకి ఫోన్ చేసింది.

"మా రిజ్వానా గురించాండీ?" ఆయన గొంతు ఒక్కసారిగా లేచింది. "మా బళ్ళో రెండేళ్ళుగా ఫిజిక్సు మాస్టారు లేడండీ. పాఠం తనే చదువుకుని, తరగతి మొత్తానికీ తనే చెప్పిందండీ. ఈ ఏడు అందరూ పాసయ్యారు. ఈ సంగతి ఆ గడిలో రాయవే అంటే, 'పాఠం చెప్పటం కష్టమెట్టవుద్ది సార్?' అందండీ."

ముఖం కూడా చూడని ఆ పిల్లని తలుచుకుని హైమవతికి గుండె పొంగింది. తన ర్యాంకు పేపర్లో పడ్డ రోజున కూడా అంత గర్వపడలేదు. కారు బానెట్ మీదే కాగితం పెట్టి, నలభయ్యో వరసలో రిజ్వానా పేరు రాసింది. రాసి, కలం మూత పెడుతూ ఆగింది.

"మరి తొంభై ఎనిమిది తెచ్చుకున్నవాడు చేసిన తప్పేమిటి మాస్టారూ?"

"ఏ తప్పూ లేదమ్మా," అన్నారు పేరయ్య మాస్టారు. "టేపు కూడా అబద్ధం చెప్పలేదు. కాకపోతే, దాన్ని తెల్లారగట్ల పట్టలేదు."