దారం కట్టిన పిందె

సూఫీ గురువు కమాల్ షా గారి దగ్గరికి శిష్యుడిగా రాకముందు జలీల్ ఇరవై ఏళ్లు దర్జీ పని చేశాడు. కుట్టుమిషను అమ్మేశాడు గానీ కత్తెర మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు. పనికిరాని ముక్క ఎక్కడ కనబడినా అతని చేతికి దురద పుట్టేది.

కొండ కింద గురువుగారి ఆశ్రమం. దాని వెనక జలీల్ వేసిన గుమ్మడిపాదు. ఏటా గంధం పండుగకి చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి అక్కడ భోంచేస్తారు. గుమ్మడికాయ ముక్కలు వేసి వండే పప్పు, అదే దాల్చా, లేకుండా ఆ భోజనం లేదు. ఈసారి జలీల్ అందరి ముందూ గొప్పగా మాటిచ్చేశాడు.

"బయట నుంచి ఒక్క కాయ కూడా తేవద్దు. కాయలన్నీ నా పాదువే!"

పాదు ఏపుగా పెరిగింది. పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోతున్నాయి. నీళ్లు పోశాడు, ఎరువు వేశాడు, దువా చేశాడు. ఒక్కటీ నిలవలేదు. పండుగ ఇంకా రెండు నెలలే ఉంది. ఊళ్లో అప్పుడే ఎకసెక్కాలు మొదలయ్యాయి.

"ఏం జలీల్ భాయ్, ఈ ఏడు ఆకుల దాల్చానా?"

అతనికి నిద్ర కరువైంది. ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలిగా, దస్తగిరి దొరికాడు.

దస్తగిరి కూడా ఆశ్రమంలో మనిషే. పొద్దున లేస్తే ఊళ్లమీద పడతాడు. ఈ ఇంట్లో నాలుగు మాటలు, ఆ ఇంట్లో నాలుగు మాటలు. నీళ్లు తోడడు, కట్టెలు కొట్టడు. భోజనం వేళకి మాత్రం ఠంచనుగా దిగుతాడు.

ఒక తెల్లవారుజామున నమాజు అయ్యాక జలీల్ పూలబుట్టతో గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"హజ్రత్, ఆ దస్తగిరిని పంపించేయండి. ఒక్క పనీ చెయ్యడు. పాదులో ఇలాంటివాటిని నేను రోజూ కత్తిరించేస్తున్నాను."

"వేటిని?"

జలీల్ బుట్ట చూపించాడు. నిండా గుమ్మడిపూలే. "ఇవి కాయ కాయవు హజ్రత్. కాయ కాసే పువ్వుకి కింద చిన్న పిందె ఉంటుంది. వీటికి వట్టి కాడే. పాదు బలమంతా తినేస్తాయి. అందుకే తెల్లారకముందే తీసేసి బజ్జీలకి ఇస్తున్నాను."

"బజ్జీలు బాగుంటున్నాయి," అన్నారు గురువుగారు. బుట్టలోంచి ఒక పువ్వు తీసుకున్నారు. "దారం ఉందా?"

దర్జీ దగ్గర దారం లేకపోవడమా! ఎర్రదారం తీసిచ్చాడు.

ఇద్దరూ పాదు దగ్గరికి వెళ్లారు. పిందె ఉన్న పూలు మూడు అప్పుడే విచ్చుకున్నాయి. గురువుగారు చేతిలో పువ్వు రేకులు ఒలిచేశారు. లోపల కాడకి పసుపు లాంటి పొడి ఉంది. దాన్ని ఒక పిందెపువ్వు మధ్యలో మెల్లగా అద్దారు.

"ఏంటది హజ్రత్?"

"పుప్పొడి." ఆ పిందెపువ్వు కాడకి ఎర్రదారం వదులుగా కట్టారు. "ఇంక దీన్ని ముట్టుకోకు. చూస్తూ ఉండు. దస్తగిరి సంగతి గంధం రోజున అడుగు."

నాలుగో రోజుకి మిగతా రెండు పిందెలూ పసుపెక్కి రాలిపోయాయి. దారం కట్టిన పిందె ఆకుపచ్చగా నిలిచింది. వారానికి పిడికిలంత అయింది.

జలీల్ ఆ పిందె ముందు చతికిలబడ్డాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "రాలిన పిందెలన్నిటినీ రాల్చింది నేనే," అన్నాడు పైకే. ఆ సాయంత్రం కత్తెర పెట్టె అడుగుకి పోయింది.

మర్నాడు తెల్లారేసరికి వట్టి చేతులతో వచ్చి నిలబడ్డాడు. ఒక తేనెటీగ వచ్చింది. వట్టికాడ పువ్వులో దూరి పొర్లాడి, ఒళ్లంతా పసుపు పూసుకున్న పెళ్లికూతురిలా బయటికి వచ్చింది. తిన్నగా పోయి పిందెపువ్వులో దూరింది. దాని వెనకే ఇంకొకటి.

"దూరింది! హజ్రత్, దూరింది!" అని జలీల్ పెట్టిన కేకకి ఆశ్రమమంతా బయటికి వచ్చేసింది. ఇన్నాళ్లూ ఈ వేళకి పాదులో ఆ పూలు ఉంటేగా అతను ఈ ముచ్చట చూడడానికి!

ఆ తర్వాత పాదు ఆగలేదు. కాయలు నేల నిండా కాశాయి, గోడ ఎక్కాయి. ఒకటైతే వంటింటి కప్పు మీద కూర్చుంది.

గంధం రోజున వాటిని బండిలో వేసి, డప్పులు కొట్టుకుంటూ వంటశాలకి తెచ్చారు. ముందుగా దారం కట్టిన కాయనే కోశారు. లోపల గింజలు బలంగా, నిండుగా ఉన్నాయి. జలీల్ వాటిని కడిగి వచ్చే ఏటి కోసం ఎండలో పరిచాడు. నవ్విన నోళ్లే ఇప్పుడు "శెభాష్ జలీల్ భాయ్!" అంటుంటే అతని ఛాతీ ఉప్పొంగింది.

అంత జనం ఎప్పుడూ రాలేదు. కనుమ అవతలి ఊళ్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఒకరు బియ్యం తెచ్చారు, ఒకరు కట్టెలు తెచ్చారు. ఎవరిని అడిగినా ఒకటే మాట.

"దస్తగిరి మా ఇంటికొచ్చి పిల్చినాడు గదా!"

దాల్చా ఉడికిన డేగిసా మూత తీశారు. ఘుమఘుమలు కొండదాకా పోయాయి.

"జలీల్, దస్తగిరి సంగతి ఈ రోజు అడగమన్నాను కదా?" అన్నారు గురువుగారు.

జలీల్ గరిటె అందుకున్నాడు. మొదటి గరిటె దాల్చా పళ్లెంలో పోసుకుని పంక్తి చివరిదాకా నడిచాడు. అక్కడ దస్తగిరి దుమ్ముకాళ్లతో కూర్చుని, ఎవరితోనో కబుర్లలో మునిగి ఉన్నాడు. జలీల్ పళ్లెం అతని ముందు పెట్టాడు. జేబులోంచి ఎర్రదారం తీసి అతని మణికట్టుకి కట్టాడు.

"ఇదెందుకు భాయ్?" అన్నాడు దస్తగిరి తెల్లబోయి.

"ముందు కడుపునిండా తిను," అన్నాడు జలీల్. "తిని మళ్లీ ఊళ్లమీద పడు."