కందకం అవతలి కొడుకు

అనగనగా ఏడు వాగులు కలిసేచోట మంకెనపురమని ఒక పట్నం. ఆ పట్నానికో రాజు, సోమదత్తుడు. ఆ రాజుకో రాణి, మల్లాంబ. వాళ్లకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, నడిపివాడు మణికేతు, చిన్నవాడు శశికేతు.

మల్లాంబ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఉన్న ప్రేమంతా అన్నంలో కలిపి ముద్దలు చేసి పెట్టేది. ముగ్గురు కొడుకులకు మీసాలొచ్చినా ఆమె చేతి ముద్ద మానలేదు.

ఆ పట్నంలో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ఊరంతా చూడ్డానికి వెళ్లేది. ఊరికే చూసి రారు. మంచం మీద కూర్చుని, రోగి గిన్నెలోంచి ఒక ముద్ద వాళ్లకు పెట్టి, ఒక ముద్ద తాము తినేవాళ్లు. దాన్ని పొత్తుముద్ద అనేవాళ్లు. పదిమంది పంచుకుంటే జబ్బు పదోవంతు అవుతుందని వాళ్ల నమ్మకం. పొత్తుముద్ద తినని మనిషి మొహం ఆ ఊళ్లో ఎవరూ చూడరు.

ఒక ఏడాది వానలు వెనకపట్టాక పట్నంలోకి ఒక జబ్బు వచ్చింది. మొదట గొంతు పోయేది. తరవాత ఒళ్లు కాలిపోయేది. ఆ తరవాత ఊపిరి అందేది కాదు. కొందరు లేచేవాళ్లు, కొందరు లేచేవాళ్లు కాదు.

ఆస్థాన జ్యోతిష్కుడు గవ్వలు వేసి చూశాడు.

"మహారాజా, ఏడు సముద్రాల అవతల కరకంఠుడనే మాంత్రికుడున్నాడు. ఇది వాడు పంపిన జబ్బు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది."

రణకేతు మీసం తిప్పాడు. "సముద్రాల దాకా ఎందుకు? వాడి మనుషులు మన అడవుల్లోనే దాక్కుని ఉంటారు. మూడువేల మందిని ఇవ్వండి, ఏరిపారేస్తాను" అన్నాడు. మూడువేల మంది వెళ్లారు. ఒకే డేరాలో ఇరవైమంది పడుకున్నారు. ఒకే తోలుతిత్తిలో నీళ్లు తాగారు. నెల తిరిగేసరికి సగం మంది బండ్లమీద వచ్చారు, గొంతుల్లేకుండా. సగం మంది రానేలేదు. రణకేతు బతికాడు గాని, గోడ పట్టుకుంటే తప్ప నడవలేకపోయాడు.

మణికేతుది వెన్నలాంటి మనసు. "జబ్బుని మనం సరిగ్గా పంచుకోవట్లేదు. అందుకే తగ్గట్లేదు. పట్నమంతా ఒకేరోజు పంచుకుందాం" అన్నాడు. కోట మైదానంలో అందరినీ కూర్చోబెట్టాడు. రోగుల్ని మంచాలతో సహా తెప్పించాడు. ప్రతి రోగి గిన్నెలోంచీ తానే మొదటి ముద్ద తిన్నాడు. జనం జేజేలు కొట్టారు.

ఎనిమిదోరోజున మణికేతు గొంతు పోయింది.

సోమదత్తుడికి భయం పట్టుకుంది. మల్లాంబని అంతఃపురంలో పెట్టి బయట గడియ వేయించాడు. ఆమె తలుపు బాదింది. చేతులు కమిలిపోయేదాకా బాదింది. పదిహేనోరోజున తలుపు తెరుచుకుంది. అప్పటికి మణికేతు లేడు.

"నా బిడ్డకి చివరి ముద్ద పెట్టలేకపోయాను" అంది మల్లాంబ. ఆ ఒక్కమాటే. ఆ రోజు నుంచి రాజుతో ఆమె మాట్లాడలేదు.

శశికేతు తల్లి కాళ్లకు దండం పెట్టాడు. "ఆ చిలక మెడ విరిచి వస్తానమ్మా."

మల్లాంబ వాడి తల నిమిరింది. వద్దనలేదు. వెళ్లమనీ అనలేదు.

పదకొండు నెలలు గడిచాయి.

ఒకనాటి పొద్దున్నే బురుజు మీంచి కాపలావాడు కేక పెట్టాడు. "చిన్న రాజుగారొస్తున్నారు!" కందకం మీద వంతెన దించారు. మల్లాంబ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. అవతలి ఒడ్డున కొడుకు నిలబడి ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. పక్కనే చామనఛాయ పిల్ల ఒకతె ఉంది.

మల్లాంబ వంతెన మీద కాలు పెట్టింది.

"అక్కడే ఆగమ్మా!" అని అరిచాడు శశికేతు. "వంతెన ఎత్తించు!"

"ఏమిట్రా నాయనా?"

"నా భుజం మీద చిలక ఉంది."

మల్లాంబ చూసింది. వాడి భుజం మీద ఏమీ లేదు. చినిగిన అంగీ తప్ప.

"ముందు వెనక్కి వెళ్లు. అన్నీ చెబుతాను" అన్నాడు. కొడుకు తనని దగ్గరికి రావద్దనడం ఆమె ఎన్నడూ ఎరగదు.  అయినా వెనక్కి వెళ్లింది. వంతెన లేచింది. కందకం ఇవతల తల్లి, అవతల కొడుకు. కథంతా వాడు కేకలు వేస్తూ చెప్పాడు, ఆమె రాతిమీద కూర్చుని వింది.

"రెండు సముద్రాలు తాబేలు మోసిందమ్మా. రెండు సముద్రాలు తిమింగలం దాటించింది. మూడు సముద్రాలు కొంగ రెక్కలమీద దాటాను. దీవిలో కరకంఠుడు ఉయ్యాలబల్ల మీద పడుకుని ఉన్నాడు. మూడువందల ఏళ్ల ముసలాడు. పక్కన బంగారు పంజరం. పంజరంలో చిలక లేదు."

"లేదా?"

"లేదు. కత్తి దూసి పొడిచాను. పొగలో పొడిచినట్టయింది. వాడు పడీపడీ నవ్వాడు. 'పిల్లవాడా, ఏడు సముద్రాలు దాటి నా దగ్గరికొచ్చావా? నా చిలకని మీ ఊళ్లోనే వదిలాను గదరా. ఒకటి వెళ్లింది, ఇప్పుడు ముప్ఫైవేలు అయ్యాయి. మీ ఊళ్లో ఎంత ప్రేమ ఉంటే నాకు అంత ఆయుష్షు' అన్నాడు."

మల్లాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పంజరం కడిగే ఈ మంజీరే లేకపోతే నేను అక్కడే తల బాదుకుని చచ్చేవాణ్ని. ఆ చిలక మొట్టమొదట వాలింది ఈమె భుజం మీదేనట. గొంతు పోయి, కాలి కాలి, బతికి లేచింది. కొంగే మా ఇద్దర్నీ వెనక్కి చేర్చింది. మంజీరా, నువ్వే చెప్పు."

ఆ పిల్ల నోటికి చేతులు దొన్నెలా పెట్టుకుని అరిచింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అమ్మగారూ! ఆ చిలక కంటికి కనపడదు. మనిషి భుజం మీద ఇరవయ్యొక్క రోజులే బతుకుతుంది. ఆలోగా ఇంకో భుజం దొరికితే ఒకటి రెండవుతుంది. దొరక్కపోతే ఎండి రాలిపోతుంది. ఊపిరి తగిలేంత దగ్గరికి వెళ్లినా, ఒక గిన్నెలో ఇద్దరు చెయ్యి పెట్టినా దానికి దారి దొరికినట్టే. ఒకసారి వాలిన భుజం మీద మాత్రం మళ్లీ వాలలేదు. అందుకే నేను ఈయన పక్కన ఉండొచ్చు, మీరు ఉండకూడదు."

"మరి నీ మీదికి ఎట్లా వచ్చిందిరా? అంతా తెలిసి వచ్చావు గదా?" అంది మల్లాంబ.

శశికేతు తల దించుకున్నాడు. "నిన్న పొలిమేర గుడిసెలో ఒక అవ్వ జబ్బుతో పడుంది. ఇద్దరు కొడుకులూ పోయారట. 'నాకు పొత్తుముద్ద తినే దిక్కు లేకపోయిందిరా' అని ఏడ్చింది. అంతా తెలుసమ్మా. కాదనలేకపోయాను."

మల్లాంబ నీళ్లకేసి చూసింది.

"నేనైనా తినేదాన్నే" అంది.

మంజీర కొంగుముడి విప్పి చిన్న భరిణె తీసింది. దీవిలో మాంత్రికుడు చిలకల్ని చూసుకునే కాటుక అది. ఒక కంటికి సరిపడా మిగిలింది. భరిణెని రాయితో కలిపి గుడ్డలో చుట్టి కందకం మీదుగా విసిరింది. మల్లాంబ భరిణెని కుంకుడు రసంతో కడిగించి, కాటుక ఎడమకంటికి పెట్టుకుంది.

కుడికంటితో చూస్తే కొడుకు. ఎడమకంటితో చూస్తే కొడుకు, వాడి మెడకి ముక్కు ఆనించి పచ్చగా కునుకుతున్న చిలక. వెనక్కి తిరిగి పట్నంకేసి చూసింది. లోపలి చిలకల పచ్చదనం ప్రతి ఇంటి కప్పు మీదా కమ్ముకుని ఉంది.

ఆమె చాటింపు వేయించింది. మూడే మాటలు. ఎవరి గిన్నె వాళ్లది. ఎవరి గడప వాళ్లది. చూడ్డానికి వచ్చినవాళ్లు రెండు బారల దూరం నిలబడి చూడాలి.

పట్నం భగ్గుమంది. "రాజుల ఇంట్లో పొత్తుముద్దలు ఉండవులే, మాకూ వద్దంటోంది" అన్నారు. "కొడుకు పోయి మతి పోయింది పాపం" అన్నారు.

మల్లాంబ కందకం అవతల తాటాకు గుడిసె వేయించింది. అరటిబోదెలతో తెప్ప కట్టించి, దానికి రెండు వైపులా తాళ్లు కట్టించింది. పూటపూటా జావ కాచి, ముంతలో పోసి, కాచిన నీళ్లు ఇంకో ముంతలో పోసి, తెప్పమీద పెట్టి తోసేది. అవతల మంజీర తాడు లాగేది. ఖాళీ ముంతలు వస్తే మరిగే నీళ్లలో వేసేది, చేతులు బూడిదతో తోముకునేది.

ముసలి దాది ఎర్రక్క చూసి చూసి ఉండబట్టలేకపోయింది.

"ఇదేం చోద్యమమ్మా! కన్నకొడుక్కి బావిలో చేద వదిలినట్టు గంజి వదులుతున్నావా?"

"నువ్వు ఆ తాడు పట్టు ఎర్రక్కా."

"పడతాను, పట్టక చస్తానా. నా చేతుల్లో పెరిగిన పిల్లాడికి నేను తెడ్డెడు జావ నోట్లో పొయ్యకూడదా అని."

"పొయ్యకూడదు."

"నీ గుండె రాయి తల్లీ."

"తాడు జారుతోంది చూడు" అంది మల్లాంబ.

తొమ్మిదోరోజున శశికేతు గొంతు పోయింది. పదోరోజున ఒళ్లు కాలింది. మంజీర తడిగుడ్డ వేస్తూ ఉంటే, మల్లాంబ ఇవతల రాతిమీద కూర్చుని వాడి చిన్నప్పటి పాటలు పాడింది. ఆమె పాడగా ఎవరూ వినలేదు అంతకుముందు. జనం బురుజుల మీదికి చేరారు, దూరదూరంగా. రాణి ఏడవట్లేదు, వంతెన దించమనట్లేదు, పూటకో ముంత పంపుతోంది, పాడుతోంది. అంతే.

మర్నాడు మంగలి వీధిలో ఒకావిడ జబ్బుపడ్డ చెల్లెలి గడప ముందు రెండు బారల అవతల పీట వేసుకుని కూర్చుంది. "ఏమే, ఏం తిన్నావు?" అని అరిచింది. లోపల్నించి గరగరమని ఏదో తిట్టు వినపడింది. వీధంతా నవ్వింది. ఆ మర్నాటికి వీధివీధికీ పీటలే.

రోగుల దగ్గరికి వెళ్లేదెవరు? గోడ పట్టుకుని రణకేతు వచ్చాడు. "అమ్మా, మంజీర భుజం మీద మళ్లీ వాలదట గదా. నా భుజం మీదా వాలదు. నా సైనికుల భుజాల మీదా వాలదు" అన్నాడు. అడవిలో ఓడిపోయి వచ్చిన బొంగురు గొంతుల సైనికులు కావిళ్లు ఎత్తుకున్నారు. ఇంటింటికీ నీళ్లు మోశారు, జావ తాగించారు, పక్కలు మార్చారు. రాత్రీ పగలూ చేశారు.

మల్లాంబ ఎడమకంటితో చూసేది. ఇళ్ల కప్పుల మీద పచ్చదనం పలచబడింది. ఎండుటాకుల్లా రాలాయి చిలకలు. ఒకటీ రెండూ కాదు, వందలు, వేలు.

ఇరవయ్యొకటోరోజు మధ్యాహ్నానికి శశికేతు లేచి కూర్చున్నాడు. వాడి భుజం మీది చిలక రెక్కలు విదిలించింది. పట్నంలో మిగిలిన పదకొండు చిలకలూ వచ్చి దాంట్లో కలిసిపోయాయి. అది ఎగిరింది. పొద్దు కుంకేలోగా కొత్త భుజం దొరక్కపోతే దానికి ఆయుష్షు లేదు. తిన్నగా అంతఃపురం వైపు వచ్చింది.

మల్లాంబ లోపలికి పోయి తలుపు గడియ వేసింది. కిటికీ రెక్కలు మూసింది. లోపల ఆమె, ఎర్రక్క.

కిటికీ మీద ముక్కుతో కొట్టిన చప్పుడు.

"అమ్మా. నేనమ్మా, మణిని."

ఎర్రక్క కూలబడింది. అది మణికేతు గొంతే. పోయిన గొంతులన్నీ ఆ చిలక దగ్గరే ఉన్నాయి. ర కారం దగ్గర కొంచెం తడబడే గొంతు, ఇంకెవరికీ లేని గొంతు.

"ఆకలేస్తోందమ్మా. ఆ రోజు నువ్వు రాలేదు. తలుపుకేసి చూస్తూనే ఉన్నాను. ఒక్క ముద్ద పెట్టమ్మా."

"లేదు నాయనా" అంది మల్లాంబ.

"నోట్లో పెట్టొద్దులే. కిటికీ మీద పెట్టు. నేనే తింటాను."

"లేదు నాయనా."

ఎర్రక్క పాక్కుంటూ వెళ్లి తలుపు గడియ అందుకోబోయింది. "బిడ్డ గొంతమ్మా! నీకు వినపడట్లేదా?" మల్లాంబ గడియని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆమెకు వినపడుతూనే ఉంది. తను తలుపు బాదిన చోటే నిలబడి ఉంది, ఆ తలుపు తెరుచుకోకుండా తనే పట్టుకుని.

"అన్నం వద్దులే అమ్మా. నీ చెయ్యి ఒక్కసారి బయటికి చాపు. తాకి వెళ్లిపోతాను."

ఆమె చెయ్యి గడియ మీంచి లేచింది. గాల్లోనే ఆగింది. మళ్లీ గడియ మీదే పడింది.

"లేదు నాయనా" అంది. ఈసారి పైకి రాలేదు మాట.

పొద్దు కుంకింది. కిటికీ అవతల ఎండుటాకు రాలినంత చప్పుడైంది.

చాలాసేపటికి సోమదత్తుడు వచ్చి తలుపు తట్టాడు. మల్లాంబ గడియ తీసింది. భర్త మొహంకేసి చూసింది, ఏడాది తరవాత.

"ఆ రోజు ఈ తలుపు వేసింది మీరు" అంది. "ఇవాళ వేసింది నేను."

 ఆమె ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మణికేతు పోయినప్పుడు ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

మూడోరోజున సముద్రపు కొంగ కబురు తెచ్చింది. దీవిలో ఉయ్యాలబల్ల మీద ఒక పంచె, పంచెలో గుప్పెడు బూడిద తప్ప ఏమీ లేదని.

శశికేతుకి మంజీరకి పెళ్లయింది. తాబేలూ తిమింగలం రేవు దాకా వచ్చి చూశాయి. రణకేతు తనకి రాజ్యం వద్దని తమ్ముడికే కట్టబెట్టి, కావిళ్ల సైనికులకి పెద్దగా ఉండిపోయాడు. శశికేతు మంజీరలు అరవై ఏళ్లు చల్లగా ఏలారు. మంకెనపురంలో ఇప్పటికీ జబ్బు చేస్తే ఊరంతా చూడ్డానికి వస్తుందట, పీటలు పట్టుకుని, రెండు బారల దూరంలో. పొత్తుముద్ద మాత్రం ఆ మనిషి లేచి తిరిగాకే. ఆ రోజు గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవరట.

వాళ్లు అక్కడ బాగున్నారు. మీరు చేతులు కడుక్కుని రండి, అన్నం పెడతాను.